కంప్రెషర్‌కు ఉన్న రక్షణ కార్మికుడికి ఏది?

ఎండ 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఇంట్లో ఏసీ ఆగిపోతే అది పాడైపోయిందని కంగారుపడకండి. చాలాసార్లు అది తనను తాను కాపాడుకుంటూ ఉంటుంది. వేడి హద్దు మీరగానే పని ఆపి, చల్లారాక మళ్ళీ మొదలుపెట్టే ఏర్పాటు దాని లోపలే ఉంది. ఆ ఏర్పాటు లేకుండా ఏ కంపెనీ కూడా ఏసీని బజారులో పెట్టదు. అదే ఎండలో, అదే గోడ మీద నిలబడి దాన్ని బాగుచేసే మనిషికి మాత్రం 'ఇంత వేడి దాటితే నువ్వు పని ఆపొచ్చు, నీ కూలి పోదు' అని చెప్పే హద్దు మన తెలుగు రాష్ట్రాల్లో లేదు.

నేను ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ ట్రేడ్ చదివాను. 14 ఏళ్ళుగా విజయవాడలో ఏసీ మెకానిక్‌ని. ముందు యంత్రం సంగతి చెబుతాను, అది తెలిస్తే మీకు డబ్బు మిగులుతుంది. తర్వాత మనిషి సంగతి చెబుతాను.

ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలోని వేడిని మోసుకెళ్ళి బయట పారబోస్తుంది. లోపలి యూనిట్ కాయిల్ దగ్గర గ్యాస్ గది వేడిని పీల్చుకుంటుంది. కంప్రెషర్ ఆ గ్యాస్‌ను నొక్కి, బయటి గాలికంటే ఎక్కువ వేడెక్కించి, ఔట్‌డోర్ కాయిల్‌కు పంపుతుంది. వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకే పోతుంది. బయట 35 డిగ్రీలుంటే కాయిల్ 50 దగ్గర ఉన్నా సరిపోతుంది. బయట 46 ఉంటే కాయిల్ 60 దాకా వేడెక్కాలి. అంత ఒత్తిడికి గ్యాస్‌ను నొక్కాలంటే కంప్రెషర్ ఎక్కువ కరెంటు లాగాలి, తానూ ఎక్కువ వేడెక్కాలి.

మీ ఏసీ మీద ఒకటిన్నర టన్ను అని రాసి ఉంటుంది. ఒక టన్ను అంటే, టన్ను మంచు 24 గంటల్లో కరగడానికి పీల్చుకునేంత వేడి. ఆ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉంచి పరీక్షించి రాస్తారు. రెంటచింతల, ఖమ్మం, రామగుండం మే నెలలో ఎలా ఉంటాయో ఆ లెక్కకు తెలియదు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. రోళ్ళు పగిలే ఎండలో ఏసీ లాగే కరెంటు పెరుగుతుంది, ఇచ్చే చల్లదనం తగ్గుతుంది. మనకు అవసరం ఎక్కువైన రోజునే దాని సత్తా తగ్గిపోతుంది.

ఇక కంప్రెషర్ మీద ఓవర్‌లోడ్ అనే చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. అందులో రెండు లోహాలు కలిపి చేసిన రేకు ఉంటుంది. వేడి గానీ కరెంటు గానీ హద్దు దాటగానే ఆ రేకు వంగుతుంది, లైను తెగుతుంది, కంప్రెషర్ ఆగిపోతుంది. చల్లారాక రేకు మళ్ళీ మామూలుగా కూర్చుంటుంది. దానికి అరగంట పట్టొచ్చు, గంట దాటొచ్చు. ఇన్వర్టర్ ఏసీల్లో ఈ కాపలా పని పీసీబీ చేస్తుంది. ముందు కంప్రెషర్ వేగం తగ్గిస్తుంది, అప్పటికీ కుదరకపోతే ఆపేసి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. లోపలి ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. అందుకే అందరూ "గాలి వస్తోంది కానీ చల్లగా రావట్లేదు" అని ఫోన్ చేస్తారు.

అలాంటప్పుడు రిమోట్‌ను పదే పదే నొక్కకండి. మెయిన్ స్విచ్ దగ్గరే ఆపి, గంటసేపు వదిలేయండి. ఈలోగా లోపలి యూనిట్ మూత తీసి ఫిల్టర్లు కడగండి. దుమ్ము పట్టిన ఫిల్టర్ గాలిని ఆపేస్తుంది, కాయిల్ మీద మంచు పేరుకుంటుంది. తర్వాత ఔట్‌డోర్ యూనిట్ చూడండి. దాని ముందు అట్టపెట్టెలు, ఆరేసిన దుప్పట్లు, వెనక పావురాల గూళ్ళు ఉంటే తీసేయండి. దానికి నీడ ఉంటే మంచిదే, కానీ గాలికి అడ్డం రాకూడదు. కరెంటు ఉండగా దాని మీద నీళ్ళు పోయకండి. మళ్ళీ ఆన్ చేశాక ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించండి. కంప్రెషర్ చప్పుడు వస్తున్నా ఫ్యాన్ తిరగకపోతే వెంటనే ఆపేయండి. కెపాసిటరో మోటారో పోయి ఉంటుంది, అది మెకానిక్ పని. అన్నీ బాగుంటే 26 దగ్గర పెట్టి, సీలింగ్ ఫ్యాన్ వేసి, పడమటి కిటికీకి మందపాటి తెర కట్టండి. 16 పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు.

ఇంకొక మాట. "గ్యాస్ అయిపోయింది" అని ఎవరైనా చెప్పగానే డబ్బు ఇవ్వకండి. ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు పట్టుకుని, అతికించి, నైట్రోజన్‌తో పరీక్షించి, వాక్యూమ్ పెట్టి, తూకం వేసి నింపాలి. అవేవీ లేకుండా నింపిన గ్యాస్ వచ్చే ఎండాకాలానికి ఉండదు. ఇలా చేసే మెకానిక్‌లు ఉన్నారు. ఒక్కో కాల్‌కు ఇంత టార్గెట్ అని పైనుంచి ఒత్తిడి పెట్టే వాళ్ళూ ఉన్నారు.

ఇక్కడిదాకా యంత్రం సంగతి. కానీ ఏసీ ఎక్కడ ఆగిపోతుంది, ఎక్కడ ఆగకుండా నడుస్తుంది అన్నది ఎండ ఒక్కటే తేల్చదు. ట్రాన్స్‌ఫార్మర్ పక్క అపార్ట్‌మెంట్‌లో సాయంత్రం 7 గంటలకు నా మీటరు 230 వోల్టులు చూపిస్తుంది. అదే లైను చివరి స్తంభం దగ్గర, ఊరి చివర కాలనీలో, 170 చూపించిన రోజులున్నాయి. వోల్టేజి పడిపోతే కంప్రెషర్ ఎక్కువ కరెంటు లాగి తొందరగా ట్రిప్ అవుతుంది. చివరి స్తంభం దగ్గర ఎవరుంటారో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. నీళ్ళ పైపు చివర, బస్సు రూటు చివర, కరెంటు లైను చివర ఉండేది ఒకే పేట.

దేశంలో దాదాపు 8 శాతం ఇళ్ళకే ఏసీ ఉందని 2019లో కేంద్రం విడుదల చేసిన ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ లెక్క. తర్వాత అమ్మకాలు పెరిగాయి. మన ఇళ్ళలోకి కూడా ఇప్పుడిప్పుడే వస్తున్నాయి. బాలింత కోసమో, పక్షవాతం వచ్చిన తండ్రి కోసమో వాయిదాల మీద కొంటున్నారు. ఖమ్మంలో మా అక్క అమ్మ కోసం అలాగే కొన్నది. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. ఆ గీత దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిగా నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ కాలుతుంది. రాత్రి ఆరు గంటలు వేస్తే, ఫ్రిజ్జూ ఫ్యాన్లూ కలిపి గీత దాటడం ఎంతసేపు? ఎండ ముదిరిన నెలలోనే యంత్రం ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ నెలలోనే పథకం చేయి వదిలేస్తుంది. అందుకని అక్క రెండు గంటలు వేసి ఆపేస్తుంది. వీధిలోవాళ్ళేమో "వీళ్ళకీ ఏసీలు వచ్చాయి" అంటారు.

ఔట్‌డోర్ యూనిట్‌ను ఎటువైపు బిగిస్తారో కూడా చూడండి. ముందు వైపు అందం చెడుతుందని వెనక సందులోకి బిగించమంటారు. ఒకటిన్నర టన్ను ఏసీ గదిలోంచి తీసిన 5 కిలోవాట్ల వేడికి కంప్రెషర్ వేడి కూడా కలిపి సందులోకి వదులుతుంది. పది ఫ్లాట్ల వేడి ఒకే సందులోకి వస్తే, ఆ సందులో రేకుల ఇంట్లో ఉన్న కుటుంబం ఏసీ లేకుండానే ఏసీ వేడి భరిస్తుంది. మురుగు కాలవ పక్కన బిగించిన యూనిట్ల సంగతి మరీ విడ్డూరం. మురుగులోంచి వచ్చే గంధకపు వాయువులు రాగి కాయిల్‌ను తినేస్తాయి. రెండు మూడేళ్ళకే చిల్లులు పడిన కాయిళ్ళు నేను మార్చాను. "ఇక్కడ గాలి మంచిది కాదండీ, యూనిట్ చోటు మార్చండి" అని చెబితే వెంటనే మారుస్తారు. ఆ కాలవ పక్కన తరాలుగా బతుకుతున్న మనుషుల చోటు గురించి, ఆ మురుగులోకి దిగే మనుషుల గురించి అంత తొందరగా ఎవరూ ఆలోచించరు.

ఇప్పుడు మెకానిక్ సంగతి. ఈ పనిలో ఎక్కువగా ఎస్సీ, బీసీ, ముస్లిం ఇళ్ళ పిల్లలే కనిపిస్తారు. నా ఐటీఐ బ్యాచ్‌లోనూ అంతే. మా పని కట్టల మీద, సన్‌షేడ్‌ల మీద. సేఫ్టీ బెల్టు కట్టుకుందామంటే తగిలించడానికి కొక్కెం కట్టిన భవనాలు తక్కువ. ఇప్పుడు వచ్చే ఆర్-32 గ్యాస్‌కు మంట అంటుకునే గుణం ఉంది, ఆర్-290కి ఇంకా ఎక్కువ. కాల్ వచ్చేది ఎండ మండే వేళకే, ఏసీలు ఆగిపోయేది అప్పుడే కాబట్టి. యాప్ ద్వారా పని తీసుకునేవాళ్ళకు సమయం లెక్క, స్టార్ల లెక్క. ఆలస్యమైతే స్టార్లు పోతాయి, స్టార్లు పోతే తర్వాతి కాల్స్ పోతాయి. ఇంట్లోకి వెళ్ళాక చెప్పులు ఎక్కడ విప్పాలో చెబుతారు, లిఫ్టు వాడొద్దంటారు. కొందరు మంచినీళ్ళు ఇస్తూనే "మీరేమిటోళ్ళు బాబూ?" అని అడుగుతారు. జవాబు విన్నాక రెండోసారి నీళ్ళు పారేసే గ్లాసులో వస్తాయి.

ఒక మే నెల మధ్యాహ్నం మూడో అంతస్తు ఫ్లాట్‌కు వెళ్ళాం. కంప్రెషర్ ట్రిప్ అయి ఉంది. చెయ్యి పెట్టలేనంత వేడి. "చల్లారేదాకా ఏమీ చేయలేమండీ, నలభై నిమిషాలు ఆగాలి" అని చెప్పాను. ఇంటాయన వెంటనే ఒప్పుకున్నాడు. "పాపం, వేడెక్కిపోయింది కదా, ఆగనీ" అన్నాడు. నా హెల్పర్ కుర్రాడికి 19 ఏళ్ళు. అప్పటికే సన్‌షేడ్ మీద గంటసేపు ఉండి కాయిల్ కడిగాడు. లోపలికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు, తల తిరుగుతోందన్నాడు, బాత్‌రూమ్ దాకా వెళ్ళకుండానే వాంతి చేసుకున్నాడు. అదే ఇంటాయన "పని చెప్పగానే మీవాళ్ళకు ఒంట్లో బాగుండదు" అన్నాడు. కుర్రాడిని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను, సెలైన్ పెట్టారు, సాయంత్రానికి కోలుకున్నాడు. ఆ రోజు కూలి సగం తెగింది. కంప్రెషర్ ఆగితే ట్రిప్ అయిందన్నారు, కుర్రాడు ఆగితే సోమరితనం అన్నారు. ఆ "మీవాళ్ళు" అన్న మాటలో ఎవరున్నారో అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

మనిషి ఒళ్ళు కూడా ఏసీ లాగే వేడిని బయటకు పంపుకోవాలి. లోపల 37 డిగ్రీలు నిలబడాలి. బయటి గాలి చర్మం కంటే వేడిగా ఉంటే చెమట ఆరడం ఒక్కటే దారి. కృష్ణా తీరంలా గాలిలో తేమ ఉన్న చోట చెమట ఆరదు. ఒళ్ళు చల్లబడే దారి మూసుకుపోయి, లోపలి వేడి 40 దాటితే అది వడదెబ్బ. మెదడు, మూత్రపిండాలు, గుండె దెబ్బతింటాయి. తల తిరగడం, వాంతి, కాళ్ళు పీకడం అన్నీ ఒళ్ళు ఇచ్చే ట్రిప్ సంకేతాలే. తేడా ఏమిటంటే ఓవర్‌లోడ్ బిళ్ళ ఎవరి అనుమతీ అడగకుండా కంప్రెషర్‌ను ఆపేస్తుంది. మనిషి మాత్రం మేస్త్రీనో, కాంట్రాక్టర్‌నో, ఇంటాయననో, ఫోన్‌లో యాప్‌నో అడిగి ఆగాలి.

ఎవరు ఎంతసేపు ఎండలో ఉండాలన్నది కూడా కులమే పంచుతోంది. కార్మిక సర్వే లెక్కలను ఉష్ణోగ్రత లెక్కలతో కలిపి చూసిన మన దేశ పరిశోధకులే, దళితులు, ఆదివాసులు తమ పని గంటల్లో మిగతావాళ్ళకంటే ఎక్కువ వాటా ఆరుబయట గడుపుతున్నారని చూపించారు. రోడ్లు ఊడ్చే వాళ్ళు, తాపీ పని వాళ్ళు, మిరప కోతకు వెళ్ళే ఆడవాళ్ళు, ఉపాధి పనిలో మట్టి తవ్వేవాళ్ళు ఎవరో చూడటానికి పరిశోధన కూడా అక్కర్లేదు. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే, అందులో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్ళే.

పనికి హద్దు పెట్టడం మన చట్టాలకు కొత్త విషయం కాదు. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కార్యవర్గంలో కార్మిక శాఖ చూశారు. కరెంటు విధానం కూడా ఆ శాఖ కిందే ఉండేది. ఫ్యాక్టరీల్లో వారానికి 48 గంటల హద్దు 1946 సవరణతో వచ్చింది. మనిషికి పెట్టిన ఓవర్‌లోడ్ స్విచ్ అంటే నాకు అదే గుర్తొస్తుంది. గంటల లెక్క దాటితే యంత్రం నడుస్తున్నా మనిషి ఆగొచ్చు. 1948 ఫ్యాక్టరీల చట్టం 13వ సెక్షన్ ఇంకో అడుగు వేసి, పని గదిలో గాలి, ఉష్ణోగ్రత భరించగలిగేలా ఉంచే బాధ్యతను యజమాని మీద పెట్టింది. కానీ ఆ హద్దులన్నీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయాయి. సన్‌షేడ్‌కు, పొలానికి, రోడ్డుకు గేటు లేదు. మన జనం ఎక్కువగా ఉన్నది గేటు బయటే.

2024లో బట్టమేక పక్షి కేసులో సుప్రీంకోర్టు, వాతావరణ మార్పు చెడు ఫలితాల నుంచి రక్షణ పొందడం 14, 21 అధికరణల కింద మన హక్కు అని చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, వడదెబ్బకు చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం ఇస్తామంది. మంచిదే. కానీ అది మనిషి పోయాక వచ్చే డబ్బు, అదీ వడదెబ్బతోనే పోయాడని కాగితం మీద తేలితే. కంప్రెషర్ కాలిపోయాక కొత్తది కొనిస్తాం, ఓవర్‌లోడ్ బిళ్ళ మాత్రం పెట్టం అనే కంపెనీ దగ్గర మీరు ఏసీ కొంటారా?

చేయడం సాధ్యం కాదనేవాళ్ళు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళొచ్చినవాళ్ళను అడగాలి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆరుబయట పని నిషేధం. ఎండ, తేమ, గాలి కలిపి కొలిచే వెట్ బల్బ్ గ్లోబ్ లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలని 2021లో నియమం పెట్టారు. ఆ దేశం కార్మికులకు స్వర్గమని నేను అనడం లేదు, అక్కడి నుంచి పెట్టెల్లో వచ్చినవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు. కానీ హద్దు గీయవచ్చని అక్కడి చట్టం చూపించింది. కేరళలో కూడా ఎండలు ముదిరినప్పుడు 12 నుంచి 3 దాకా ఆరుబయట పని ఆపమని కార్మిక శాఖ ఉత్తర్వులిస్తుంది.

మా తోటి మెకానిక్‌లే నాతో వాదిస్తారు. "అన్నా, మనకు సంపాదన ఉండేదే నాలుగు నెలలు. మధ్యాహ్నం పని మానేస్తే పిల్లల ఫీజులు ఎవరు కడతారు?" నిజమే. కూలి లేని విశ్రాంతి రోజుకూలీకి విశ్రాంతి కాదు, పస్తు. అందుకే నేను అడుగుతున్నది ఉచిత సలహాల పోస్టర్లు కాదు. వేడి లెక్క హద్దు దాటితే ఆరుబయట పని ఆగాలి, ఆ గంటలకు కూలి రావాలి. మేస్త్రీ కింద పనిచేసేవాళ్ళకు అది యజమాని బాధ్యత. యాప్ కంపెనీలు మమ్మల్ని పార్టనర్లని పిలిచి చేతులు దులుపుకోకుండా, ఆ వేళల్లో కాల్స్ ఆపాలి, స్టార్లు తగ్గించకూడదు, ఆగిన సమయానికి కనీస మొత్తం చెల్లించాలి. ఎత్తులో ఔట్‌డోర్ బిగించే ప్రతి భవనానికీ నిలబడే చోటు, బెల్టు తగిలించే కొక్కెం ఉంటేనే ప్లాను మంజూరు చేయాలి. ఏసీ కొనలేని ఇళ్ళ సంగతీ ఇందులో భాగమే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. వేడిని తిప్పికొట్టే తెల్ల పూత ముందు పడాల్సింది రేకుల ఇళ్ళ మీద, కాలనీ ఇళ్ళ మీద. చివరి స్తంభం దాకా సరైన వోల్టేజి రావడం కూడా దయ కాదు, బిల్లు కట్టే వాళ్ళ హక్కు.

చట్టం వచ్చేదాకా మీ ఇంటి దగ్గర మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఏసీ సర్వీసింగ్ ఉగాదికి ముందే చేయించండి. మే నెలలో ఆగిపోతే పైన చెప్పినవి చూసుకుని, మెకానిక్‌ను ఉదయం 10 లోపో సాయంత్రం 5 తర్వాతో రమ్మనండి. ఇంట్లో పసిబిడ్డో రోగో ఉండి ఆగలేకపోతే మధ్యాహ్నమే పిలవండి, కానీ ప్రతి ఇరవై నిమిషాలకు అతన్ని నీడలోకి రమ్మనండి. మీరు తాగే గ్లాసులోనే నీళ్ళు ఇవ్వండి, కులం అడగకండి. అతను తల తిరుగుతోందంటే నమ్మండి. మీ కంప్రెషర్ చల్లారేదాకా గంటసేపు ఎదురుచూడటానికి మీకు అభ్యంతరం లేనప్పుడు, ఆ గంట మనిషికి ఇవ్వడానికి ఎందుకుండాలి?